మనస్తత్వ పరిశోధనలు – తీర్పుకు ముందు అడగవలసిన ప్రశ్నలు

మనిషి బుద్ధిని కొలిచామని చెప్పే గ్రంథాలు సాధారణంగా రెండు రకాల పాఠకుల చేతిలో పడుతుంటాయి. అంకెలు కనబడగానే తల వంచేవారు కొందరు. అంకెలన్నీ బూటకమని పుస్తకం మూసివేసేవారు మరికొందరు. వాస్తవానికి అంకె ఒక సాక్షి వంటిది. ఆ సాక్షి ఎక్కడ నిలబడి చూశాడు, ఏమి చూశాడు, ఏది అతని కంటపడలేదు అని విచారించిన తర్వాతనే తీర్పు చెప్పవలసి ఉంటుంది. ముస్లిం ప్రజల మధ్య జరిగిన రెండు ప్రసిద్ధ మనస్తత్వ పరిశోధనలను ఈ దృష్టితో పరిశీలించడం చాలా అవసరం. అటువంటి ఫలితాలే రేపు మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో ఒక పిల్లవాడిపై తీర్పుగా మారవచ్చు.

మొదటిది రష్యన్ మనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా రచన. 1931, 1932 సంవత్సరాలలో ఆయన బృందం ఉజ్బెకిస్తాన్ గ్రామాలకు వెళ్ళి రైతులను, పరదాలో ఉండే స్త్రీలను, కొత్తగా చదువు నేర్చినవారిని ప్రశ్నించింది. ఫలితాలు పుస్తకరూపంలో 1974లో గాని వెలువడలేదు. అందులో అందరూ ఉదాహరించే ప్రశ్న ఎలుగుబంట్లను గురించినది. మంచు ఉండే ఉత్తర దేశంలో ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయని మొదట చెబుతారు. తర్వాత ఒక చోటి పేరు చెప్పి, అది ఆ ఉత్తరంలోనే ఉందని చెబుతారు. అక్కడి ఎలుగుబంట్ల రంగు ఏదని అడుగుతారు. చదువుకున్నవారు తెలుపని సులభంగా చెప్పారు. చదువురాని రైతులు అనేకులు, తాము ఆ చోటికి వెళ్ళలేదనీ, చూసినవారిని అడగమనీ బదులిచ్చారు. దీనినిబట్టి, అనుభవానికి అతీతంగా తర్కించే శక్తి చదువుతోనూ కొత్త సామాజిక జీవితంతోనూ గాని అలవడదని లూరియా నిర్ణయించాడు.

ఈ నిర్ణయం మీద ఆక్షేపణ తెలపక తప్పదు. ఆ రోజులలో ఆ గ్రామాలలో భూములను సమష్టి క్షేత్రాలలో కలుపుతున్నారు. అటువంటి సమయంలో రాజధాని నుండి వచ్చిన అపరిచితుడు, అతని పక్కన జవాబులు రాసుకునే మరొకడు! చూడని విషయం చెప్పనని రైతు అనడం అశక్తతా, జాగ్రత్తా? కంటితో చూడనిదానికి సాక్ష్యం పలకకపోవడం చాలా సమాజాలలో నిజాయితీకి గుర్తు. రైతు దానిని సాక్ష్యమడిగే ప్రశ్నగా తీసుకున్నాడు, లూరియా తర్కపరీక్షగా తీసుకున్నాడు. ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు వెతకలేదు. అంతేకాక, చదువుకున్నవారికీ చదువురానివారికీ మధ్య ఉన్న తేడా చదువొక్కటే కాదు. అధికారులతో పరిచయం, సభలలో మాట్లాడే అలవాటు, కొత్త ప్రభుత్వం మీది నమ్మకం కూడా వేరు. ఇన్ని తేడాలున్నచోట ఒక్కదానినే కారణంగా ఎంచడానికి ఆధారం ఏదీ లేదు.

రెండవ గ్రంథం సిల్వియా స్క్రిబ్నర్, మైఖేల్ కోల్ 1981లో ప్రకటించినది. లూరియా పుస్తకానికి ఆంగ్ల ప్రతిని కూర్చిన కోల్ ఈయనే. లైబీరియాలోని వాయ్ ప్రజలలో ఎక్కువమంది ముస్లింలు. వారిలో మూడు రకాల అక్షరాస్యత ఉంది. బడిలో ఆంగ్లం నేర్చినవారు కొందరు, ఖుర్ఆన్ పఠనం ద్వారా అరబీ నేర్చినవారు కొందరు, బడితో నిమిత్తం లేకుండా బంధుమిత్రుల వద్ద సొంత వాయ్ లిపి నేర్చి ఉత్తరాలు, లెక్కలు రాసుకునేవారు మరికొందరు. అందువలన చదవడం, రాయడం వేరుగాను, బడి వేరుగాను పరిశీలించే వీలు కలిగింది. లూరియాకు దొరకని వీలు ఇదే. అక్షరజ్ఞానం మాత్రమే బుద్ధిని సమూలంగా మార్చిన దాఖలా వారికి కనబడలేదు. తన జవాబుకు కారణం వివరించి చెప్పడంలో బడి చదువు తోడ్పడింది.

ఖుర్ఆన్ నేర్చినవారి విషయంలో వచ్చిన ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. ఒక్కొక్క మాట చేర్చుకుంటూ వరుసగా అప్పజెప్పే పరీక్షలో వారు మిన్నగా నిలిచారు. తక్కిన జ్ఞాపక పరీక్షలలో అటువంటి ఆధిక్యం లేదు. కంఠస్థం చేసే పద్ధతికి దగ్గరగా ఉన్న పరీక్షలోనే లాభం కనబడిందన్న మాట. దీనిని పట్టుకుని హిఫ్జ్ వలన తెలివి పెరుగుతుందని ప్రచారం చేయడం, లూరియా చేసిన పొరపాటునే తిరగేసి చేయడమవుతుంది. ఇష్టమైన ఫలితాన్నయినా అంతే గట్టిగా ప్రశ్నించాలి. పైగా అరబీ ఎవరు నేర్వాలో అక్కడ చీటీలు వేసి నిర్ణయించలేదు, కుటుంబాలే ఎంచుకున్నాయి.

పోల్చి చూడడం ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి లైబీరియా దాకా పోనక్కరలేదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం వైద్యులు 1950వ దశకంలో చుట్టుపక్కల గ్రామాలలో బి.సి.జి. టీకాను పరీక్షించారు. ఇది మనస్తత్వ పరిశోధన కాదు గాని, పాఠం ఒక్కటే. 1973లో ప్రకటించిన లెక్కల ప్రకారం టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి క్షయ సోకింది. ఇంతవరకే చదివినవాడు టీకా అద్భుతమంటాడు. టీకా పొందని 5,808 మందిలో సోకినది 47 మందికి. అంటే వెయ్యికి ఆరున్నర ఒక వైపు, ఎనిమిది మరొక వైపు. కాకతాళీయంగానైనా రాగల తేడా ఇది. బ్రిటన్‌లో అదే టీకా పొందిన 13,598 మందిలో 62 మందికి, పొందని 12,867 మందిలో 248 మందికి వ్యాధి వచ్చింది. 1968లో మొదలైన చెంగల్పట్టు పరీక్షలోనైతే ఇరుపక్షాలా 88,391 మంది చొప్పున ఉండగా, టీకా పొందినవారిలో 505, పొందనివారిలో 499. (పసిపిల్లలను మెదడు క్షయ వంటి తీవ్ర రూపాల నుండి ఈ టీకా కాపాడుతుందని వేరే పరిశోధనలు తేల్చాయి, కనుక మానవలసిన పని లేదు.) శరీరానికి సంబంధించిన విషయమే ఒక దేశంలో ఒక విధంగా, మరో దేశంలో మరో విధంగా తేలినప్పుడు, అమెరికా కళాశాల విద్యార్థుల మీద తేలిన మనస్తత్వ సూత్రాన్ని కుప్పం పిల్లలకు ఎలా అంటగడతారు? సొంతగడ్డ మీద సైతం ఆ సూత్రాలు గట్టిగా నిలబడలేదు. 2015లో 100 మనస్తత్వ పరిశోధనలను తిరిగి జరిపి చూసినప్పుడు, మొదట 97 శాతం గణనీయ ఫలితం చూపగా, రెండవసారి చూపినవి 36 శాతమే.

మదనపల్లె, పుంగనూరులలో చాలా ముస్లిం ఇళ్ళలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, బజారులో వినబడేది తెలుగు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో తమిళం, కన్నడం కూడా చెవిన పడతాయి. ఆంగ్లంలో తయారైన ప్రశ్నావళిని గ్రాంథిక తెలుగులోకి మార్చి ఈ పిల్లల ముందు పెట్టి, తక్కువ మార్కులు వచ్చాయి గనుక తక్కువ తెలివి అని రాస్తే, అక్కడ కొలిచినది తెలివో, పాఠ్యపుస్తకపు తెలుగో ఎవరు చెప్పగలరు? అది తేల్చాలంటే పిల్లలను చీటీ పద్ధతిని రెండుగా విడదీసి, ఒక సగాన్ని ఇంటి మాటలోనూ, మిగతా సగాన్ని తెలుగులోనూ అడగాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే, అంతే ఆదాయం గల కుటుంబాల పిల్లలను కూడా అదే ఉపాధ్యాయుడు అడగాలి. ఇంటి మాటలో అడిగినప్పుడు తేడా తగ్గిపోతే లోపం ప్రశ్నదే. తగ్గకపోతే బడి హాజరు, ఇంటి ఆదాయం, పిల్లవాడు సాయంత్రం దుకాణంలో కూర్చునే గంటలు మొదట లెక్కించవలసి ఉంటుంది.