రాయెక్కే బుల్లి జీపు

రిమోట్ కారు అనగానే మనకు తోచేది రివ్వున దూసుకుపోయే బొమ్మ. రాక్ క్రాలర్‌కి ఆ తొందర లేదు. మనిషి నడక కన్నా నెమ్మదిగా, ఒక్కోచోట నిమిషానికి జానెడు చొప్పున, మోకాలెత్తు బండరాయి మీదికి పాకడమే దాని పని. మోటారు ఎంత పెద్దదని ఈ ఆటలో అడిగేవాడు కొత్తవాడు. తెలిసినవాడు బండిని తిరగేసి, బరువు ఎక్కడుందో చూస్తాడు. ఈ బళ్ళు కట్టే పనితనమంతా ఆ ఒక్క సంగతి చుట్టూ పెరిగిందే.

దీని పుట్టిల్లు అమెరికా పడమటి ప్రాంతం. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి, యూటాలోని మోయాబ్ ఎర్రరాతి గుట్టలు పెద్ద జీపులకు పేరుమోసిన చోట్లు. మోయాబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ 1967 నుంచీ నడుస్తోంది. ఆ పిచ్చినే పదో వంతుకు కుదిస్తే ఈ ఆట. మొదట్లో దీనికంటూ దుకాణంలో బండి దొరికేది కాదు. జపాన్ కంపెనీ టమియా 1987లో క్లాడ్ బస్టర్ అనే మాన్‌స్టర్ ట్రక్కు తెచ్చింది. ఇరుసుకొక మోటారు, నాలుగు చక్రాలూ మళ్ళే స్టీరింగు దాని ప్రత్యేకత. కొందరు ఆ ఇరుసులు మాత్రం ఉంచుకుని, మిగతాది పక్కన పడేసి, అల్యూమినియం పలకలు కోసి సొంత చాసిస్ కట్టుకున్నారు. తర్వాత ఈ ఆటకే కట్టిన బళ్ళు, ఆక్సియల్ కంపెనీ వాళ్ళ ఏఎక్స్10, ఎస్‌సీఎక్స్10 వచ్చాయి. 2017లో ట్రాక్సాస్ కంపెనీ టీఆర్‌ఎక్స్-4 వచ్చింది. తయారు బండి పెట్టెలో దొరుకుతున్నా, విప్పి మార్చే అలవాటు మాత్రం పోలేదు.

ఎందుకు మార్చాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 313 మిల్లీమీటర్లు అనుకుందాం. పదో వంతు బళ్ళలో బాగా చలామణీలో ఉన్న కొలతే ఇది. బండి గరిమనాభి నేలకు 100 మిల్లీమీటర్ల ఎత్తున, సరిగ్గా నడిమధ్య ఉంటే, సుమారు 57 డిగ్రీల వాలు మీద అది వెనక చక్రం రాయిని తాకే చోటికి నేరుగా పైకొస్తుంది. ఆపైన బండి వెల్లకిలా పడాల్సిందే. బరువులో 60 శాతం ముందు ఇరుసు మీదికి జరిపితే ఆ హద్దు 62 డిగ్రీలకు పెరుగుతుంది. గరిమనాభిని 80 మిల్లీమీటర్లకు దించితే దాదాపు 67. ఇది కాగితం మీది లెక్క. రాతి మీద వెనక స్ప్రింగులు కుంగి, టైర్లు జారి కొంత తగ్గుతుంది. అయినా పది డిగ్రీల లాభం, కొత్త మోటారు ఒక్కటీ కొనకుండా! వెనక ఉన్న బ్యాటరీని విప్పి ముందు ఇరుసు మీదికి తెస్తే చాలు, సగం పని ఉచితంగా అయిపోయినట్టే.

మిగతా సగానికి ఇత్తడి కావాలి. అల్యూమినియం కన్నా ఇత్తడి మూడు రెట్లకు పైగా బరువు. ముందు చక్రాల నకిల్స్ (చక్రం మళ్ళే కీళ్ళు), ఇరుసు గుండు మీది మూత, రిమ్ము లోపలి రింగు, వీటిని ఇత్తడివి వేస్తే బరువు నేలకు అంగుళం, రెండంగుళాల ఎత్తులోనే చేరుతుంది. రేసు కార్లు కట్టేవాడికి ఇది అపచారంలా కనిపిస్తుంది. స్ప్రింగులకు కింద ఉండే బరువును గ్రాముల్లెక్కన తగ్గించడం వాళ్ళ శాస్త్రం, ఎందుకంటే వేగంలో ఆ బరువు చక్రాన్ని గతుకు మీంచి ఎగరేస్తుంది. క్రాలర్‌కి వేగమే లేదు కనక ఆ శాస్త్రం ఇక్కడ తలకిందులు. రంగురంగుల అల్యూమినియం ముక్కలు అంగడి కిటికీలో బాగుంటాయి. రాతి మీద వాటి కన్నా మొరటు ఇత్తడే మేలు. పొట్ట కింది స్కిడ్ ప్లేటుకైతే ప్లాస్టిక్కే నయం. అది రాతి మీద జారుతుంది, అల్యూమినియం గీసుకుని పట్టుకుంటుంది.

బరువు తర్వాత టైరు. దీంట్లో గాలి నింపరు, నురుగు రింగు ఉంటుంది. రిమ్ముకో, టైరుకో సన్నని రంధ్రం వదులుతారు. టైరు రాతి మీద ఒత్తుకున్నప్పుడు లోపలి గాలి దాంట్లోంచి బయటికి పోవాలి. మేలైన నురుగులో రెండు పొరలు: లోపలిది గట్టిగా ఉండి బండిని మోస్తుంది, పైది మెత్తగా ఉండి రాతి అంచును బల్లి పాదంలా కరుచుకుంటుంది. టైరును రిమ్ముకు జిగురుతో అంటించే బదులు మరలతో బిగించే బీడ్‌లాక్ రిమ్ములు వాడతారు. నురుగు మార్చాలంటే విప్పడానికి వీలుండాలి కదా. నా మట్టుకు, మొదటి ఖర్చు ఇక్కడే పెట్టాలి.

ఇక లోపలి యంత్రాంగం. మోటారు రమారమి నలభై చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలా గేర్లు ఉంటాయి. బ్రష్ మోటార్లలో 35, 45, 55 అని అంకెలు కనిపిస్తాయి. అవి తీగ చుట్ల లెక్క. చుట్లు పెరిగేకొద్దీ వేగం తగ్గి, నెమ్మదితనం మీద పట్టు పెరుగుతుంది. రిమోట్ మీట వదిలేయగానే బండి వాలు మీద ఉన్నచోటే నిలిచిపోయే డ్రాగ్ బ్రేకు తప్పనిసరి. ఇరుసుకు రెండు వైపులా చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ చాలా బళ్ళలో ఉండదు, ఉన్నా బిగించేస్తారు. ఒక చక్రం గాలిలో ఉన్నా రెండోది లాగాలి. దీనికి మూల్యం, మలుపు వెడల్పవుతుంది. అందుకని ముందు చక్రాలు వెనక వాటికన్నా కొన్ని శాతాలు వేగంగా తిరిగేలా గేర్లు మార్చేవాళ్ళున్నారు. ముందు ఇరుసు బండిని లాక్కుంటూ తిప్పుతుంది.

కొత్తవాళ్ళను తికమక పెట్టేది టార్క్ ట్విస్ట్. మీట నొక్కగానే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. గేరుపెట్టె నుంచి ఇరుసుకు పోయే షాఫ్టు తన తిరుగుడు బలంతో చాసిస్‌ను మెలిపెడుతుంది మరి. కొందరు ఒక పక్క స్ప్రింగు బిగించి సరిపెడతారు. అసలు మందు పోర్టల్ ఇరుసు. పాత యూనిమాగ్ ట్రక్కుల్లో ఉండే ఏర్పాటే ఇది. చక్రం దగ్గరే మరో జత గేర్లు ఉంటాయి. ఇరుసు గొట్టం చక్రం మధ్య కన్నా పైకి లేస్తుంది కనక రాయి తగలదు. ఆఖరి తగ్గింపు చక్రం దగ్గరే జరుగుతుంది కనక షాఫ్టు మీద బలం తక్కువ, మెలికా తక్కువే.

స్టీరింగు తిప్పే సర్వో విషయంలో పిసినారితనం పనికిరాదు. రెండు రాళ్ళ మధ్య ఇరుక్కున్న టైరును తిప్పాలంటే పాతిక కిలో-సెంటీమీటర్ల బలమైనా కావాలి. అది లాగే కరెంటును, మోటారు వేగాన్ని అదుపుచేసే స్పీడ్ కంట్రోలర్ ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోయి, రిసీవర్ ఒక క్షణం ఆరి మళ్ళీ వెలుగుతుంది. చాలామంది రేడియో చెడిందనుకుని దాన్ని మారుస్తారు. సర్వోకి వేరే రెగ్యులేటరు పెడితే తీరిపోయే బాధ అది.

కొలతలు తగ్గడంలో ఒక వింత ఉంది. పొడవు పదో వంతైతే బరువు వెయ్యో వంతు. రెండు టన్నుల జీపు రెండు కిలోలవుతుంది. బలం మాత్రం అంతగా తగ్గదు. అందుకే నిజం జీపు నుజ్జయ్యే పల్టీ కొట్టినా, ఈ బండి గీతలతో లేచి నిలబడుతుంది. ఈ ఆట విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. తప్పటడుగు చవక కనక ఎన్నిసార్లయినా వేయొచ్చు, పడ్డ ప్రతిసారీ ఎందుకు పడిందో వంగి చూడొచ్చు. పోటీల్లోనూ గడియారం కన్నా దండనకే బరువెక్కువ. జంట కర్రల మధ్యనుంచి బండిని తీసుకెళ్ళాలి, కర్ర తగిలినా, వెనక్కి నడిపినా, చేత్తో లేపినా పాయింట్లు పడతాయి. తక్కువ పాయింట్లున్నవాడే గెలుస్తాడు. రాయిని చదివి, ఏ చక్రం ఎక్కడ మోపాలో ముందే అనుకున్నవాడిదే పైచేయి.

ముచ్చట కోసం పైకప్పు మీద సామాన్ల స్టాండు, బుల్లి పెట్రోలు డబ్బాలు, పలుగు, పార పెట్టుకునేవాళ్ళు లేకపోలేదు. అందంగానే ఉంటాయి. కానీ ప్రతి గ్రామూ ఉండకూడని ఎత్తులో చేరుతుంది. ఇష్టమైతే పెట్టుకోండి, ఆ పైన బండి పల్టీ కొడితే టైర్లను తిట్టకండి.

రాళ్ళకు మనకేం కొదవ? హైదరాబాదు చుట్టుపక్కల గరుకు గ్రానైటు గుండ్లు ఈ ఆటకే పెట్టినట్టుంటాయి. మొదలుపెట్టాలనుకునేవారికి ఒకటే మాట. పెట్టెలోంచి తీసిన బండిని ఏమీ మార్చకుండా కొన్నాళ్ళు నడపండి. తర్వాత వంటింటి త్రాసు ముందు ఇరుసు కింద పెట్టి, వెనక చక్రాలను అంతే ఎత్తున నిలిపి తూచండి, వెనక ఇరుసునూ అలాగే చూడండి. ఆ రెండు అంకెలు చేతికొచ్చాకే పర్సు తీయండి.