ఒంటినే పాలుగా ఇచ్చే చేప

“ఏటిరా, సేప పాలిస్తాదేటి?” అని నవ్వుతూనే మా మేనత్త ట్యాంకు ముందు పీట వేసుకుని కూర్చుంది. మా డిస్కస్ జత పిల్లలు ఈదడం మొదలుపెట్టి అప్పటికి రెండో రోజు. తల్లి పక్కల మీద కనురెప్ప వెంట్రుకంత పిల్లలు వందకు పైగా అతుక్కుని గీరి గీరి తింటున్నాయి. తండ్రి పక్కనే కాచుకుని ఉంది. కాసేపటికి తల్లి ఒళ్ళు ఒక్క విదుపు విదిపింది. పిల్లలన్నీ పొగలా చెదిరి, మరుక్షణంలో తండ్రి ఒంటిమీద వాలాయి. తల్లి ఆ మూలకు పోయి నింపాదిగా మేత తిన్నది. “సంటిపిల్లల్ని మొగుడికిచ్చి ఎలిపోనాదిరా!” అని అత్త కేక వేసింది. ఉద్దానంలోని కవిటిలో మా ఇంట్లో ఆ పూట భోజనాలు మూడు గంటలకు గానీ కాలేదు.

అవి ఆవుపాల లాంటి పాలు కావు, చేప ఒంటిమీది జిగురు. కానీ పాలు చేసే పనంతా చేస్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో దీన్ని లెక్కలతో నిరూపించారు. గుడ్లు పెట్టగానే తల్లిదండ్రులిద్దరి జిగురులోనూ మాంసకృత్తులు, రోగాలను ఎదిరించే యాంటీబాడీలు పెరుగుతాయి. మొదటి రెండు వారాలు పిల్లలను అడిగినంత తిననిస్తాయి. మూడో వారం నుంచి వాటికి దొరక్కుండా తప్పించుకు తిరుగుతాయి. మన ఇళ్ళలో తల్లులు పాలు మాన్పించే తీరు ఇదే కదా! ఈ గుణానికి మన నేలమీదా చుట్టరికం ఉంది. దక్షిణాది ఉప్పుటేరుల్లో ఉండే ఆరెంజ్ క్రోమైడ్ అనే చిన్న చేప పిల్లలు కూడా తల్లిదండ్రుల జిగురు కొరుక్కుతింటాయి. దానికి అన్నలాంటి చేప, మలయాళీలు కరిమీన్ అని తలకెత్తుకునేది, మన ఇచ్ఛాపురం దాటాక వచ్చే చిలికాలోనే ఉంది.

డిస్కస్ పుట్టిల్లు అమెజాన్. ఆస్ట్రియా శాస్త్రవేత్త హెకెల్ 1840లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ చరిత్ర కంటే దీన్ని ఇళ్ళలో పొదిగించిన చేతుల కథే నాకు ముఖ్యం. ఫ్లోరిడాలో జాక్ వాట్లీ టర్కాయిస్ వన్నెను నిలబెట్టాడు. అంతకు మించి, అసలు తల్లిదండ్రులే లేకుండా పిల్లలను పెంచి చూపించాడు. లోతులేని గిన్నె అంచుకు గుడ్డుపొడి ముద్ద రాసి, రోజుకు ఎన్నోసార్లు నీళ్ళు మారుస్తూ చేసిన తపస్సు అది. బ్యాంకాక్‌లో కిట్టి ఫనైత్తి పిజియన్ బ్లడ్ అనే ఎర్రటి రకాన్ని 1990ల మొదట్లో లోకం ముందు పెట్టి గగ్గోలు పుట్టించాడు. నా భక్తి మాత్రం జర్మనీ డాక్టరు ఎడువార్డ్ ష్మిట్-ఫోకె మీద. అమెజాన్ నుంచి వచ్చిన చేపల్లోంచే ఏరి, జతకట్టించి, మళ్ళీ ఏరి, తరాల తరబడి ఓపిక పట్టి ఎర్ర టర్కాయిస్ వన్నెను తెచ్చిన మనిషి. ఆ ఓపిక ముందు మిగతావన్నీ నాకు చిన్నగానే కనిపిస్తాయి.

హౌరా–చెన్నై రైలుమార్గం మీద పుట్టడం నా అదృష్టం. ఒక కొసన కలకత్తా గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంత, రెండో కొసన చెన్నై కొళత్తూరు. కొళత్తూరులో మేడల మీద సిమెంటు తొట్లు, గదుల్లో అద్దాల ట్యాంకులు పెట్టుకుని ఇంటిల్లిపాదీ రంగుచేపలు పెంచుతారు. అక్కడొక పెద్దాయన ఇరవై ట్యాంకుల ముందు నడుస్తూ ఒకచోట ఆగి, “ఈ రాత్రికి పెడుతుంది” అన్నాడు. తోకవైపు ఒళ్ళు మసిపూసినట్టు నల్లబడటం, ఎదురెదురుగా వచ్చి తలలు వంచుకోవడం, ఒళ్ళు వణకడం, గుడ్లు పెట్టే మట్టి దిమ్మను మూతితో తుడవడం - అంతా ఆయన ఒక్క చూపులో చదివేశాడు. ఆ రాత్రి పెట్టింది. విద్య అంటే అది.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఉద్దానం వాడిని కాను. మా పెరటి బోరు నీళ్ళలో డిస్కస్ బతికింది గానీ గుడ్డు పొదగలేదు. దానికి కావలసింది మెత్తటి, కొంచెం పులుపు గుణమున్న నీరు, 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం. కిడ్నీ జబ్బుల భయంతో ఇంటింటికీ 20 లీటర్ల క్యాను వచ్చే ఊళ్ళు మావి. ఆ క్యాను నీళ్ళు, డాబా మీద పట్టిన వాననీళ్ళు కలిపి, అందులో ఎండిన బాదం ఆకులు వేస్తాను. రెండు రోజుల్లో నీరు పలచటి టీ రంగుకు వస్తుంది. ఈ ఆకుల్నే పట్నాల్లో ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. మా వీధిలో పొద్దున్నే చీపురుతో ఊడుస్తారు.

వింత ప్రవర్తన దగ్గరే పెంపకందారు చేతనైనతనం తేలుతుంది. మా మొదటి జత ఆరుసార్లు గుడ్లు పెట్టింది. ఆరుసార్లూ రెండో రోజుకల్లా సున్నం చల్లినట్టు తెల్లబడ్డాయి. నీళ్ళు మార్చాను, మేత మార్చాను, దిమ్మ మార్చాను. చివరికి కొళత్తూరు పెద్దాయనకు ఫోను చేస్తే, గుడ్లు పెట్టేవేళ పొట్ట కింద నాళం చూడమన్నాడు. ఆడదానికి మొద్దుగా, వెడల్పుగా ఉంటుంది. మగదానికి సన్నగా మొనదేలి ఉంటుంది. టార్చిలైటు వేసి చూశాను. రెండూ మొద్దే! మగతోడు లేనప్పుడు రెండు ఆడ డిస్కస్‌లు జతకట్టి, వంతులేసుకుని గుడ్లు పెట్టి, రెప్పవేయకుండా కాపలా కాస్తాయి. మామూలు కంటే గుడ్లు ఎక్కువ కనిపిస్తే అనుమానించాలి. ఒకదాన్ని మార్చి మగచేపను వేశాక మూడో విడతకే కళ్ళు తేలిన గుడ్లు చూశాను.

గుడ్లు తినేస్తాయన్నది ఇంకో పెద్ద ఫిర్యాదు. కుర్ర జత మొదటి మూడు నాలుగు విడతలు తినేయడం మామూలే, నేర్చుకోనివ్వాలి. తెల్లబడ్డ గుడ్డును ఏరి తింటోందంటే అది తప్పే కాదు. బూజు పక్క గుడ్డుకు పాకకుండా చేసే శుభ్రం. బెదురు చేప అయితే రాత్రి చిన్న దీపం వదలాలి, ట్యాంకుకు మూడు వైపులా కాగితం అతికించాలి, ఇంట్లో పిల్లలను అద్దం తట్టనివ్వకూడదు. అప్పటికీ తింటే గుడ్ల చుట్టూ సన్నటి వలజాలీ కట్టాలి, జత వాటిని చూస్తూనే ఉండాలి గానీ అందకూడదు.

సుమారు 60 గంటలకు గుడ్డు పగులుతుంది. పిల్లలు మరో రెండు మూడు రోజులు అతుక్కుని తోకలాడిస్తాయి. ఆ దశలో ఒక ఉదయం చూస్తే మా దిమ్మ ఖాళీ. తినేశాయనుకుని ట్యాంకు కడగబోయాను. స్పాంజి ఫిల్టరు వెనక అద్దం మీద అరచేతంత మచ్చ మినుకుమినుకుమంటోంది. రాత్రికి రాత్రి ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని అక్కడికి మార్చాయి! ఆ ఉదయం నేను తొందరపడి ఉంటే ఒక తరం డ్రైనేజీలో పోయేది.

పిజియన్ బ్లడ్ జతతో తంటా వేరు. దాని ఒళ్ళు నల్లబడదు, పిల్లలేమో నల్లటి ఒంటినే వెతుక్కుంటాయి. నల్ల స్పాంజికో హీటరుకో అతుక్కుని ఆకలితో చచ్చిపోతాయి. ట్యాంకులో నల్లటివన్నీ తీసేసి నీటిమట్టం సగానికి దించితే చాలావరకు దారికొస్తాయి. రాకపోతే అదే వయసు పిల్లలున్న బ్రౌన్ జత దగ్గర పెంపుడిస్తాను. బ్రౌన్ డిస్కస్‌ను అందం లేదని తీసిపారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దాన్ని మించిన దాది లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగా తీరం దాటింది. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడ్డాయి, కరెంటు పోయింది. అప్పుడు మా ట్యాంకులో పదిరోజుల పిల్లలున్నాయి. ఎయిర్ పంపు ఆగాక నేనూ మా ఆవిడా వంతులవారీగా మగ్గుతో నీళ్ళు ముంచి ఎత్తినుంచి పోస్తూ గాలి ఆడించాం. మూడో రోజుకు పిల్లలన్నీ పోయాయి. తల్లి నాలుగో రోజు పోయింది. చివరిదాకా పిల్లలున్న మూలనే నిలబడింది.

అంత ప్రేమ గల చేపను ఇవాళ ఎలా అమ్ముతున్నారో చూడండి. రెండంగుళాల టర్కాయిస్ పిల్ల నిండు నీలంతో మెరుస్తోందంటే అది వయసుకు వచ్చిన రంగు కాదు, మేతలో హార్మోను కలిపిన రంగు. ఒక నగరంలో నేనూ మోసపోయాను. ఆరు కొన్నాను, నెల తిరక్కుండా బూడిదరంగుకు దిగిపోయాయి, ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. అద్దంలా లోపలి ముల్లు కనిపించే మన చెరువు చేపకు సూదితో రంగెక్కించి అమ్మే వ్యాపారానికి ఇది తోబుట్టువే. వాట్లీ తపస్సునూ చవక చేశారు. ఆయన చేసి చూపించినదాన్ని వీళ్ళు వాటంగా పట్టుకుని, గుడ్లు పెట్టగానే దిమ్మతో సహా లాగేసి, మందునీళ్ళలో పొదిగి, ఆ జతను పది రోజుల్లో మళ్ళీ గుడ్లకు తోలుతున్నారు. అలా వచ్చిన చేపలను నేను తెచ్చి చూశాను. గుడ్లు పెట్టి పక్కకు వెళ్ళిపోతాయి. పిల్లలను ఎత్తుకోవడం వాటికి రాదు. రంగులు వందరకాలు వచ్చాయి, అమ్మతనం పోయింది. ఇది పెంపకం కాదు, దోపిడీ.

డిస్కస్ కొనబోతున్నవారికి ఒక్క మనవి. రంగు చూసి మురిసే ముందు, వీటి తల్లిదండ్రులు ఏవి, పిల్లలను అవే పెంచాయా అని అడగండి. చూపిస్తే నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి. చూపించలేమంటే ప్యాకెట్టు అక్కడే పెట్టి వచ్చేయండి.