వంకర ముక్కుల సొగసు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. చలికాలంలో ఆ దారిన వెళ్లేవాళ్లు బండి ఆపి ఫ్లెమింగోలను చూస్తారు. ముందు రంగును మెచ్చుకుంటారు, తర్వాత సన్నటి కాళ్లను, మెడ వంపును. ముక్కు దగ్గరికి వచ్చేసరికి పొగడ్త ఆగిపోతుంది. అంత నాజూకు మెడ చివర ఇంత మొరటు ముక్కేమిటి అనిపిస్తుంది. సగం దాకా బాగానే వచ్చి, అక్కడ విరిగి, కిందికి వాలిపోయినట్టుంటుంది. పై ముక్కు పల్చన, కింది ముక్కు బండ. మన కావ్యాల్లో నాసికా వర్ణనలకు లోటు లేదు. ఒక్క పద్యంతో ముక్కు తిమ్మన అయిపోయిన కవి కథ ఉండనే ఉంది. ఆయన కూడా దీన్ని చూస్తే గంటం పక్కన పెట్టేవాడేమో.

నాకైతే ఆ పక్షి అందమంతా ఆ ముక్కులోనే ఉందనిపిస్తుంది. కాకపోతే అది తిండి తినేటప్పుడు చూడాలి.

ఫ్లెమింగో తల తలకిందులుగా పెట్టి తింటుంది. మెడను నిలువునా దించి, నడినెత్తి నీటి అడుగువైపు ఉండేలా తల తిప్పుతుంది. ఇందాకటి విరుపు అప్పుడు మాయమవుతుంది. వాలిపోయినట్టు కనిపించిన ముక్కు కొస నీటి మట్టానికి సరిగ్గా సమాంతరంగా వచ్చి కుదురుకుంటుంది. పల్చటి పై ముక్కు కిందికీ, బండ ముక్కు పైకీ వస్తాయి. మనకు నమిలేటప్పుడు కదిలేది కింది దవడ ఒక్కటే. ఫ్లెమింగో పై ముక్కును కూడా ధారాళంగా ఆడించగలదు. తలకిందుల భోజనానికి తలకిందుల నోరు కావాలి మరి. అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ 1985లో అచ్చయిన తన వ్యాస సంపుటికి ఈ పక్షి చిరునవ్వు పేరే పెట్టుకున్నాడు. ఆయనకు ఆ పేరు ఎందుకు తోచిందో తెలియాలంటే ఫ్లెమింగో ఫొటోను ఒకసారి తిప్పి పట్టుకుంటే చాలు.

ఇక లోపలి పని. కింది ముక్కులో లోతైన గాడి ఉంటుంది, అందులో కండపట్టిన నాలుక. అది సెకనుకు నాలుగైదుసార్లు వెనక్కీ ముందుకీ జరుగుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంటుంది. ముక్కు అంచుల వెంట వరుసలు తీరిన సన్నటి రేకులు నీటిని పోనిచ్చి, చిన్న చిన్న రొయ్యల్నీ పురుగుల్నీ గింజల్నీ ఆపేస్తాయి. చిన్న ఫ్లెమింగో అని ఇంకో జాతి ఉంది, దానిలో ఈ వడపోత మరీ సన్నం. కంటికి ఆనని నాచుతోనే అది కడుపు నింపుకుంటుంది. అందుకే రెండూ ఒకే నీళ్లలో పక్కపక్కన నిలబడి, ఒకదాని కూటికి ఒకటి అడ్డుపడకుండా తినగలవు. పాలనూ నీళ్లనూ వేరుచేసే శక్తిని మన కవులు హంస ముక్కుకు కట్టబెట్టారు. అది ఆ పని ఎలా చేస్తుందో చెప్పే బాధ్యత మాత్రం తీసుకోలేదు. ఉప్పునీటిలోంచి అన్నాన్ని విడదీసే ఈ ముక్కులో ఆ ‘ఎలా’ అనేదే రసమంతా.

అది కూడా పూర్తిగా తెలిసిపోయిందనుకుంటుండగా 2025లో ఇంకో సంగతి బయటపడింది. ఈ పక్షి నీటిని వడపోయడమే కాదు, ముందు దాన్ని సుడులు తిప్పుతుంది. కాళ్లతో అడుగును తొక్కి బురద లేపుతుంది. తలను చటుక్కున పైకి లాగి నీటి అడుగున సుడి పుట్టిస్తుంది. ముక్కు కొసను టపటపలాడించి, తప్పించుకుపోయే పురుగుల్ని తనవైపు రప్పించుకుంటుంది. ముక్కు కొస ముందువైపు చదునుగా ఉండటం వల్లే ఈ సుడులు కుదురుతున్నాయట. ఇన్నాళ్లూ జల్లెడ పట్టడమనుకున్నది నిజానికి వేట. అంతసేపూ ఒడ్డున ఉన్నవాళ్లకు కనిపించేది మాత్రం ఒళ్లు మరిచి బురద తొక్కుతున్న పక్షి.

కచ్ ఉప్పుమైదానాల్లో గుడ్డులోంచి బయటపడిన ఫ్లెమింగో పిల్లకు ఈ వంకర ఉండదు. దాని ముక్కు పొట్టిగా, తిన్నగా ఉంటుంది. వడపోసుకు తినే ఈడు కాదది. తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతులో ఊరిన ఎర్రటి పాలను దాని నోట్లో పోస్తారు. (పాల సంగతిలో కవులు మరీ అంత పొరబడలేదన్నమాట.) సొంతంగా తినే రోజు దగ్గరపడే కొద్దీ ముక్కు వంగుతూ వస్తుంది.

ఫ్లెమింగో కోసం పులికాట్ దాకా పోవాలి. నత్తగుల్ల కొంగ మన వరి మళ్లలోనే దొరుకుతుంది. బూడిద తెలుపు ఒళ్లు, నల్లటి రెక్కలు, చెప్పుకోదగ్గ రంగేమీ లేదు. ఊరి చెట్ల మీద గూళ్లు కట్టిందంటే పత్రికలు దాన్ని సైబీరియా పక్షిని చేసేస్తాయి. పాపం, అది ప్రధానంగా మన ఉపఖండం, ఆగ్నేయాసియా పక్షే. దాని ముక్కు పూర్తిగా మూసుకోదు. మొదట్లో కలుస్తుంది, కొసన కలుస్తుంది, మధ్యలో సందు ఉండిపోతుంది. ఆ సందులోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది.

జూలియన్ హక్స్‌లీ అంతటివాడు 1960లో ఈ సందు మీద ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. నత్తను అందులో ఇరికించి చిదిమేస్తుందని, ఆ అంచుల గరుకు అలా వచ్చిందేనని ఆయన ఊహ. తర్వాత కొంగలు తినేటప్పుడు దగ్గరుండి గమనించినవాళ్లు చూసింది వేరు. కొంగ నత్తను ముక్కు కొసలతో పట్టి అదిమి ఉంచుతుంది. కింది ముక్కు కొసను గుల్ల వాకిట్లోకి దూర్చి, మూతను పట్టి ఉంచే కండరాన్ని తెంచి, మాంసాన్ని మొత్తంగా లాగేస్తుంది. చాలాసార్లు గుల్ల పగలనే పగలదు. ఇంకా తమాషా ఏమిటంటే ఆ కింది కొస కాస్త కుడివైపుకు తిరిగి ఉంటుంది, అది తినే గుల్లలూ కుడిచుట్టువే. నత్త లోపలి మలుపు ఎటుందో ఆ ముక్కుకు ముందే తెలుసు. సందు వల్ల కొసలకు పట్టు పెరుగుతుందనీ, అంచుల గరుకు జారే గుల్లను ఆపడానికనీ ఇప్పుడు అంటున్నారు. దీని పిల్లలకూ పుట్టుకతో సందు ఉండదు.

ఔచిత్యాన్నే కావ్యానికి ప్రాణంగా నిలబెట్టినవాడు 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు. నత్తగుల్ల కొంగను చూస్తే ఆయన మాటకు అంతకంటే ఉదాహరణ అక్కర్లేదనిపిస్తుంది. నత్త లేకుండా చూస్తే ఆ ముక్కు ఒక లోపం. నత్తను పక్కన పెట్టి చూస్తే అందులో ఒక్క గీత తీసేయలేం, ఒక్క గీత కలపలేం. ముక్కులో సగమే కొంగ దగ్గర ఉంది, మిగతా సగం నత్త దగ్గర ఉంది. తరతరాలుగా నత్తను చులాగ్గా తీయగలిగిన కొంగలు బతికి పిల్లల్ని కనడం వల్ల ఈ రెండు సగాలూ ఒకదానికొకటి అతికాయి.

నేలపట్టులో గూళ్లు కట్టే గూడకొంగది ఇంకో తీరు. చేపలతోపాటు బోలెడు నీళ్లను ముక్కు కింది సంచిలోకి ఎత్తి, ముక్కు వంచి నీటిని జారవిడిచి, అప్పుడు మింగుతుంది. ఇద్దరు రైతులు గూడ వేసి మడికి నీళ్లు తోడే ఊపే ఇదీనూ, కాకపోతే ఇక్కడ నీళ్లు పారబోయడానికే. ఎర్రకాళ్ల కొంగ ముక్కును సగం తెరిచి బురద నీటిలో ముంచి నడుస్తుంది, చూపుతో పనిలేదు. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. దాని అమెరికా దాయాదిలో ఆ మూతకు 25 మిల్లీసెకన్లు పడుతుందని 1960ల్లో కొలిచారు. తెడ్డుమూతి కొంగ గురించి మాత్రం నాకు పెద్దగా చెప్పాలనిపించదు. అందరూ దాన్నే ముందు ఫొటో తీస్తారు గానీ, దాని ముక్కు తన పనేమిటో చూడగానే చెప్పేస్తుంది. అది వాచ్యం. నత్తగుల్ల కొంగది ధ్వని.

నన్నడిగితే పులికాట్ రాజసం కంటే ఈ పొలం కొంగకే పెద్దపీట వేస్తాను. వానలు పడ్డాక మడి గట్టున కాస్త ఎడంగా నిలబడితే బైనాక్యులర్ లేకుండానే దాన్ని చూడొచ్చు. అది ఎగిరిపోయాక గట్టు మీద వదిలేసిన గుల్లలు ఏరుకుని, పగిలాయో లేదో ఒక్కోటీ తిప్పి చూసి హక్స్‌లీ వాదన సంగతి ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు.