రేవు లేని నది

మాది రాజమండ్రి. చిన్నప్పుడు కోటిలింగాల రేవుకి నడిచే వెళ్లేవాళ్లం. నీళ్లలో దిగడానికి ఒకరిని అడగాలన్న సంగతే నాకు తెలీదు. ఇంగ్లండు వచ్చి, నలభై దాటాక కయాక్ అనే చిన్న తెడ్డు పడవ నడపడం నేర్చుకున్నప్పుడు తెలిసింది.

ఆ రోజు నేనూ నా స్నేహితురాలూ ఒక చిన్న ఏట్లో పోతున్నాం. గట్టు మీద నుంచి ఒకాయన కేకేశాడు. ఇక్కడ పడవ వేసే హక్కు మీకు లేదు, బయటికి రండి అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. బయటికంటే ఎక్కడికి? ఆ గట్టూ ఆయనదే.

ఇక్కడ సముద్రపు పోటు తగిలే మేర నది జనానిది. ఆ పైన మాత్రం గట్టు ఎవరిదైతే, ఏటి అడుగు సగందాకా వాళ్లదే. పారే నీటికి యజమాని లేడు, దాని కిందున్న గులకరాళ్లకు ఉన్నాడు! ఇంగ్లండు, వేల్స్‌ నదుల్లో వివాదం లేకుండా పడవ వేసుకోగలిగింది నూటికి నాలుగు వంతులకి మించదని కయాకర్ల సంఘం ఏళ్లుగా మొత్తుకుంటోంది. 2000లో వచ్చిన చట్టం కొండలనీ బీళ్లనీ నడిచేవాళ్లకి తెరిచింది. పోటు తగలని నీటిలో పడవ వేయడాన్ని మాత్రం అందులోనే పేరు పెట్టి మినహాయించింది. ఆ ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

స్కాట్లండు వేరే దారి పట్టింది. అక్కడ 2003లో చట్టం చేశారు, 2005 నుంచి అమల్లో ఉంది. ఇంజను లేని పడవతో నదుల్లోనూ సరస్సుల్లోనూ ఎవరైనా తిరగవచ్చు, బాధ్యతగా ఉంటే చాలు. ఆ బాధ్యత ఎలా ఉంటుందో స్పే నది మీద నేర్చుకున్నాను. సాల్మన్ చేపల వేటకి పేరుపడ్డ నది అది. నడుములోతు నీళ్లలో గాలం వేస్తూ మనిషి కనిపిస్తే దూరంలోనే ఆగాలి. అతను మనల్ని చూసి, ఏ పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపేదాకా ఆగాలి. ఆ తర్వాత తెడ్డు చప్పుడు లేకుండా, ప్రవాహం తీసుకెళ్లినట్టు జారిపోవాలి. నన్నడిగితే కయాకింగ్‌లో అన్నిటికన్నా అందమైన పని అదే.

పడవల వల్ల చేపలకి చేటన్న గాలం వేటగాళ్ల భయం ఉత్తది కాదు. చలికాలంలో సాల్మన్ గుడ్లు లోతులేని చోట గులకరాళ్ల మధ్య ఉంటాయి. నీరు తగ్గినప్పుడు పడవని వాటిమీద ఈడ్చామంటే ఒక తరం పోయినట్టే. మట్టం ఇంతకన్నా తగ్గితే దిగకూడదని గీత గీసుకుంటే ఆ గొడవ చాలావరకు తీరుతుంది.

అయితే హక్కు ఒక్కటే చాలదు. ఇంగ్లండు, వేల్స్ సరిహద్దులోని వై నదిలో హే పట్టణం వంతెన నుంచి కిందికి పడవ వేసుకునే హక్కు ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ హక్కుతో ఎవరి పొలంలో పడితే వాళ్ల పొలంలో ఒడ్డెక్కలేం. కావలసింది రేవు. కయాక్‌లో మనిషి నీటికి జానెడు ఎత్తులో కూర్చుంటాడు. మోటారు పడవల కోసం కట్టిన ఎత్తైన గోడ దగ్గర లేచి పైకి ఎక్కలేడు. మెల్లగా వాలిన ఒడ్డు కావాలి. ఆనకట్ట వస్తే దాని పక్కనుంచి పడవ మోసుకెళ్లే బాట కావాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి నీటితోపాటు లేచి దిగే బల్లకట్టు కావాలి.

మా దేశంలో రేవు అందరిదీ అని ఇక్కడివాళ్లతో గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు మానేశాను. 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన రక్తపాతం మొదలైంది చెరువు దగ్గరే. నీళ్ల దగ్గరికి ఎవరు రావచ్చో తేల్చేవాళ్లు మనకీ తక్కువేం లేరు.

వచ్చే శనివారం ఇక్కడ మేముండే ఊరి పంచాయతీ సమావేశానికి వెళ్తున్నాం. వంతెన పక్కన పది అడుగుల ఒడ్డు, దాని మీద కాస్త కంకర, నీటిమట్టం చూపే గీతల కర్ర ఒకటి అడుగుతాం. మా వీధి చివర ఉండే గాలం వేటగాడూ వస్తున్నాడు. కర్ర మీద ఎర్ర గీత ఎక్కడ పడాలో తనే చెబుతానన్నాడు.