‘పాలు పోసి పెంచిన పాము’: ఒక సామెతపై విమర్శ

పామునకు పాలు పోసి పెంచినను కాటు వేయక మానదను సామెతను తెలుగునాట ఎరుగనివారు లేరు. చేసిన మేలు మరచినవానిని నిందించుటకు పెద్దలు దీనిని వాడుదురు. మనుష్యుల విషయమున ఈ సామెత తన పని చక్కగా చేయుచున్నది. దానితో ఎవరికిని పేచీ లేదు. కాని పామును గురించి ఇది చెప్పు మాట ఎంతవరకు నిజము? పూర్వమీ ప్రశ్న వట్టి కాలక్షేపమునకు పనికివచ్చెడిది. నేడట్లు కాదు. నగరములలో కొందరు యువకులు విదేశపు కొండచిలువ పిల్లలను అద్దాల పెట్టెలలో పెంచుచున్నారు. నిన్నటివరకు చేతికి చుట్టుకొని కదలక యుండిన పిల్ల ఒకనాడు బుసకొట్టి మీదికి దూకినచో, వారికి మొదట గుర్తువచ్చునది ఈ సామెతయే. అది గుర్తువచ్చిన తరువాత వారు చేయు పని సామాన్యముగ తప్పుపని యగును. కావున సామెతను ఒకసారి పరీక్షకు నిలబెట్టవలసియున్నది.

ఈ పరీక్షకు శంషాబాదు ప్రాంతము తగినచోటు. 2008 మార్చిలో హైదరాబాదు నూతన విమానాశ్రయము ఇచట పని ప్రారంభించెను. ఇది బండరాళ్లు, తుప్పలు, పొలములు కలసిన దక్కను నేల. రాళ్ల సందులలో నాగుబాము, పొలముగట్లపై జెర్రిపోతు, గోడల పగుళ్లలో కట్లపాము ఉండుట ఇట్టి నేలకు సహజము. రోడ్లు, కాలనీలు పెరిగినకొలది పాము మనుష్యుని ఇంటికి వచ్చెనో, మనుష్యుడే పాము ఇంటికి పోయెనో చెప్పుట కష్టమైనది. మరొకవంక విదేశపు పాములు మన దేశమునకు దొంగచాటుగ విమానములలోనే వచ్చుచున్నవి. 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూరు నుండి చెన్నైకి వచ్చిన ఒక ప్రయాణికురాలి సామానులో కస్టమ్సు అధికారులకు 22 పాములు దొరకినవి. విమానాశ్రయమున్న ఊరివారు స్వదేశపు పామును గురించియు, విదేశపు పామును గురించియు తెలిసికొనియుండుట మంచిది.

పేరు పెట్టిన కన్ను

తెలుగువారికి పామును పరిశీలించుట చేతకాదని ఎవరును అనజాలరు. పదునెనిమిదవ శతాబ్ది చివర ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో లండనునందు ఒక గొప్ప చిత్రగ్రంథమును ప్రకటించెను. అందు అనేక సర్పములకు అతడు వ్రాసికొనిన పేర్లు తెలుగు పేర్లే. రక్తపింజరకు ‘కాటుక రేకుల పొడ’, కొండచిలువకు ‘పెద్ద పొడ’, చెట్లపై తిరుగు పచ్చని పామునకు ‘పసిరిక పాము’ అను పేర్లను అతడు స్థానికుల నోటనే విని గ్రహించెను. కట్లపాముల ప్రజాతికి నేడు ప్రపంచమంతటను వాడుకలోనున్న ‘బంగారస్’ అను శాస్త్రనామము తెలుగు ‘బంగారు’ నుండియే పుట్టినది.

ఈ పేర్లలో రంగు కలదు, మచ్చ కలదు, పరిమాణము కలదు. కోపము, పగ, కృతఘ్నత వీనిలో లేవు. పేరు పెట్టినవాడు పామును చూచెను. సామెత కట్టినవాడు మనుష్యుని చూచెను. చిక్కంతయు ఇచటనే యున్నది.

సామెతలోని మూడు పొరపాట్లు

మొదటిది పాలు. పాము సరీసృపము. పాలు దాని ఆహారము కాదు. వానిని జీర్ణము చేసికొనుటకు తగిన ఏర్పాటు దాని కడుపులో లేదు. నాగులపంచమికి ముందు పాములవాడు కొన్నిదినములు నీరీయక ఎండగట్టిన పాము, దప్పికచే పాలనైనను త్రాగును. చూచువారు దానిని మహిమ అనుకొందురు, అది దాహము. ఆ పాలు ఊపిరితిత్తులలో ప్రవేశించి పాము చచ్చుటయు కలదు. అనగా సామెత చెప్పు ఉపకారమే పామునకు అపకారము. అట్టి ఉపకారమునకు కృతజ్ఞతను ఆశించుట వింతయే.

రెండవది కృతజ్ఞత. కుక్క గుంపుగా బ్రదుకు జంతువుల వంశమునుండి వచ్చినది. వేల సంవత్సరములుగా మనుష్యునితో కలసి పెరిగినది. పాము ఒంటరిగా వేటాడి ఒంటరిగా బ్రదుకును. యజమాని, సేవకుడు అను సంబంధము దాని జీవితములో ఎచటను లేదు. అట్లని అది ఏమియు నేర్చుకొనదనరాదు. ఒక వాసన, ఒక స్పర్శ పలుమారు ఎదురై హాని కలుగనిచో, దానికి బెదరుట మానును. పాము మచ్చికయగుట అనగా మనుష్యుని ప్రేమించుట కాదు. ఈ చేయి తనను తినదని నేర్చుకొనుట మాత్రమే. ఈ పాఠము సన్నని దారమువంటిది. ఒక భయముతో తెగవచ్చును. ఓపికతో మరల ముడిపడవచ్చును.

మూడవది ‘హఠాత్తు’. సామెత విన్నవానికి పాము మంచిగా నటించి, అదను చూచి కాటు వేసినదని తోచును. నిజమునకు పాము ముందుగా చెప్పకుండ కరచుట అరుదు. మెడను కొక్కెమువలె వెనుకకు వంచుట, ఊపిరిని గట్టిగా విడచి బుసకొట్టుట, తలను చుట్టల క్రింద దాచుట, నాలుక ఆడించుట మాని బిగుసుకొనుట, ఇవియన్నియు హెచ్చరికలే. మన జెర్రిపోతు మెడను పలచగా చేసి గుర్రుమనును. నాగుబాము పడగ విప్పును. ఎదుటివాడు ఆ భాషను చదువలేదు కావున అతనికి కాటు హఠాత్తుగా తోచినది.

అద్దాలపెట్టెలోని పిల్ల

పెంపకములో ఎక్కువగా కనబడు బాల్ పైతాన్‌ను ఉదాహరణగా తీసికొందము. ఇది పశ్చిమ, మధ్య ఆఫ్రికాలకు చెందిన చిన్నజాతి కొండచిలువ; విషము లేదు. బెదరినపుడు తలను నడుమనుంచుకొని బంతివలె చుట్టుకొనుటచే దానికా పేరు వచ్చినది. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల సుమారు 40 సెంటీమీటర్ల పొడవుండును. అంత చిన్న ప్రాణికి ఆకాశమున గ్రద్ద శత్రువు, నేలపై ముంగిస శత్రువు. పైనుండి దిగు ప్రతి నీడయు దానికి మృత్యువే. కావున పిల్ల పెద్దపాముకంటె ఎక్కువ పిరికిది. పిరికిది కావుననే ఎక్కువ బుసకొట్టును.

నెమ్మదిగానున్న పిల్ల మారినదన్నచో దానికొక కారణముండును. అందు ముఖ్యమైనది కుబుసము. పెరుగు పిల్ల కొన్ని వారములకొకమారు చర్మము మార్చుకొనును. దానికి ముందు పాత పొరకును, క్రొత్త పొరకును నడుమ ద్రవము చేరి కన్నులు నీలివన్నె పాలవలె మసకబారును. కన్ను సరిగా కనబడనివాని భుజముపై చేయి వేసిన అతడు ఉలికిపడడా? పాము స్థితియు అట్టిదే. రెండవది ఆకలి. బాల్ పైతాన్ పై పెదవిమీద వేడిని పసిగట్టు గుంటలు కలవు. చిట్టెలుకను ముట్టిన వెచ్చని చేయి పెట్టెలోనికి వచ్చినచో, దానికది ఎలుకయే. ఈ రెండు కాటులకును భేదము కలదు. భయపడిన పాము కరచి వెంటనే వదలును. ఆకలిగొన్న పాము కరచి పట్టుకొని చుట్టుకొనును.

ఆహారము మ్రింగిన తరువాత రెండు దినముల లోపల ఎత్తుట, దాగుకొనుటకు చోటు లేని పెట్టె, తలుపు దబాలున పడునపుడును, లారీలు పోవునపుడును అదరు గోడప్రక్క పెట్టెనుంచుట, ఇవియు కారణములే. ఉష్ణోగ్రతను మరువరాదు. పాము తన శరీరపు వేడిని తాను పుట్టించుకొనలేదు. పెట్టెలో ఒక ప్రక్క 31, 32 డిగ్రీల సెంటీగ్రేడును, మరొక ప్రక్క 25, 26 డిగ్రీలును ఉండవలెను. శంషాబాదులో మే నెల ఎండకును, డిసెంబరు రాత్రి చలికిని ఈ లెక్క తప్పుట సులభము. వీనిలో ఏదియు కానిచో వ్యాధిని అనుమానింపవలెను. పొలుసుల సందులలో పేనువంటి పురుగులు, నోటిలో పుండు, నోరు తెరచి ఊపిరి తీయుట కనబడినచో పశువైద్యుని చూపవలెను.

ఏమి చేయవలెను?

విషము లేని పిల్ల కరచినచో చేతిని గుంజరాదు. దాని పండ్లు వెనుకకు వంగియుండును. గుంజినచో మన చర్మము చీరుటయే గాక, దాని పండ్లును విరుగును. వదలిన తరువాత గాయమును సబ్బుతో కడిగి, ధనుర్వాతపు సూదిమందును గురించి వైద్యుని అడుగవలెను. పామును కొట్టుట, తలపై తట్టుట, ఆకలితో మాడ్చుట శిక్షలు కావు. శిక్ష యను భావమే దానికి తెలియదు. అది నేర్చుకొనునది ఒక్కటే: చేయి ప్రమాదకరమైనది.

కొందరు ప్రతిదినము బలవంతముగ పట్టుకొనినచో అదియే అలవాటగునని చెప్పుదురు. ఇదియు సామెతకు తోబుట్టువువంటి పొరపాటే. కొద్ది ప్రేరణ హాని లేక పలుమారు ఎదురైనచో భయము తగ్గును. పెద్ద ప్రేరణ తప్పించుకొనుటకు వీలులేక ఎదురైనచో భయము పెరుగును. కావున పెట్టెను, వేడిని, ఆహారమును సరిచూచి, కుబుసము విడచువరకు ఆగి, వారము పదిదినములు పామును ముట్టక విడువవలెను. తరువాత చేతులు కడిగికొని, పైనుండి గాక ప్రక్కనుండి సమీపించి, కొక్కెముతో మెల్లగ తాకి ఇది ఆహారపువేళ కాదని తెలిపి, నడుమును ఆనించి ఎత్తి, కొద్ది నిమిషములలో దింపవలెను. తిన్న తేది, కుబుసము విడచిన తేది, ఉష్ణోగ్రత, ప్రవర్తన ఒక నోటుపుస్తకమున వ్రాసికొనినచో, ‘హఠాత్తు’ అనునది నెల తిరుగకుండ కారణముగ మారును.

ఇంటి గోడ అవతల

ఇంతవరకు చెప్పినది విషములేని విదేశపు పామును గురించి. అట్టి పామునైనను చట్టమెరిగి పెంచవలెను. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని విదేశజంతువులను ఉంచుకొనువారు వానిని నమోదు చేయింపవలెను. బాల్ పైతాన్ ఆ పట్టికలలో కలదు. విసుగుచెంది దానిని విమానాశ్రయము చుట్టునున్న తుప్పలలో విడచుట దానికిని క్షేమము కాదు, ఇచటి జంతువులకును క్షేమము కాదు.

మన దేశపు పాముల విషయము వేరు. వానిని పట్టి ఇంటనుంచుట 1972 నాటి చట్టము ప్రకారము నేరము. అంతకు మించి ప్రాణాపాయము. తొలకరినాటికి నాగుబాము పిల్లలు గ్రుడ్లనుండి వెలువడును. వానికి పుట్టిననాడే పడగయు, కోరలును, విషమును కలవు. సీసాలోనున్న ‘బుజ్జిపాము’ రెండుదినములు కరువకున్నచో అది మచ్చికయైనదని బాలురు నమ్ముదురు. పాములవాని బుట్టలోని పాము కరువకుండుటయు మచ్చికచే కాదు. దాని కోరలు పెరికియుండుటచే. అవియు మరల మొలచును.

ఈ పొరపాటు ఖరీదు చిన్నది కాదు. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, అనగా సాలీనా సగటున 58,000 మంది మరణించిరి. మరణములు ఎక్కువగనున్న రాష్ట్రములలో తెలంగాణముతో కలిసిన ఆంధ్రప్రదేశము ఒకటి.

‘చిన్న పామునైనను పెద్దకర్రతో కొట్టవలె’ నను మరొక సామెత కలదు. అందు సగము సత్యము: చిన్నపాము చిన్న ప్రమాదము కాదు. తక్కిన సగము అసత్యము: కర్ర పరిష్కారము కాదు, కొట్టబోయి కాటు తినినవారు కలరు. ఇంట పాము కనబడినచో దూరముగ నిలచి దానిపై కన్నుంచి, అటవీశాఖకు గాని, హైదరాబాదునందలి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవంటి శిక్షణ పొందినవారికి గాని కబురు చేయవలెను. కాటు పడినచో కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుట మాని, ఆ అవయవమును కదలనీయక వెంటనే విషహర సూదిమందున్న ఆసుపత్రికి చేర్చవలెను.

సామెతను భాషనుండి తీసివేయనక్కరలేదు. కృతఘ్నులున్నంతకాలము దానికి పని ఉండును. పామును గురించిన సాక్ష్యముగ మాత్రము అది చెల్లదు. పాము మేలు మరువలేదు. దానికి మేలు, కీడు అను లెక్కయే లేదు. దానికున్నవి వెచ్చదనము, చలి, ఆకలి, భయము. ‘కాటుక రేకుల పొడ’ అని పేరు పెట్టిన పూర్వుని కన్ను మనకు మరల కావలెను. ఆ కన్నుతో చూచినవానికి పాము ముందుగనే చెప్పు హెచ్చరిక కనబడును. అతని చేయి ఆగవలసినచోట ఆగును.