చందా అప్పే గాని ఆదాయం కాదు

మా బరంపురంలో ఒక మాస్టారున్నారు. తెలుగు చెప్పి రిటైరైన మనిషి. పదకొండేళ్లుగా నెలకొక ఉత్తరం రాస్తున్నారు. ఊళ్లోని పాత తెలుగు కుటుంబాల సంగతులు, మన ఇళ్లల్లోంచి జారిపోతున్న మాటలు, చదివిన పుస్తకం మీద ఒక పేజీ, అంతా కలిపి నాలుగు పేజీలు. మొదట్లో జిరాక్సు తీయించి పోస్టులో పంపేవారు, ఇప్పుడు ఫోన్లో పంపుతున్నారు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు.

ఈ ఉగాదికి వాళ్లింటికి వెళితే "బాబూ, నువ్వు లెక్కల మనిషివి. దీనికి ఏడాదికి మూడు వందలు చందా పెడితే తప్పంటావా?" అని అడిగారు. పాత కాగితాలు చూడ్డానికి పర్లాకిమిడి, ఛత్రపురం తిరగడం పెన్షను మీద భారమైపోతోందట. నేను నోరు తెరిచే లోపలే పక్కనున్న మిత్రుడొకాయన "సరస్వతిని అమ్ముకుంటారా మాస్టారూ!" అన్నాడు. మాస్టారు నవ్వి, కాఫీ సంగతి ఎత్తారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నేను విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. అయితే ఈ తగువుకి సాక్ష్యం చెప్పగల పుస్తకం ఒకటి చదివాను, ఇంగ్లీషు అనువాదంలోనే లెండి. అది దొస్తొయెవ్‌స్కీ 'రచయిత డైరీ'. ఆయన నవలల్ని గురించి మాట్లాడేవారు చాలామందే ఉన్నారు గాని, ఈ డైరీని పట్టించుకునేవారు తక్కువ.

1873లో ఒక వారపత్రికకు సంపాదకుడుగా జీతం తీసుకుంటూ అందులో ఆయన ఈ పేరుతో ఒక శీర్షిక రాశాడు. ఆ ఉద్యోగం వదిలేశాక, 1876 జనవరి నుంచి అదే పేరుతో సొంత మాసపత్రిక పెట్టాడు. అందులో రాసేది ఆయనొక్కడే. సుమారు ఇరవై పేజీలు. ఏడాది చందా రెండు రూబుళ్లు, ఇంటికి చేరవేస్తే రెండున్నర. విడి ప్రతి ఇరవై కోపెకులు. వ్యాపారం లెక్కలన్నీ భార్య అన్నా గ్రిగోర్యెవ్నా చూసుకునేది. ఆ నెలలో తాను చూసినవీ, విన్నవీ, చదివినవీ రాస్తానని ముందే ప్రకటన ఇచ్చాడు. అంటే మన మాస్టారి ఉత్తరం లాంటిదే, ధర ఒక్కటే తేడా.

ఆ ధర రాతని చెడగొట్టిందా?

1876 అక్టోబరు సంచికలో ఆయన పీటర్స్‌బర్గులో జరిగిన ఒక ఆత్మహత్యను గురించి రాశాడు. కుట్టుపని చేసుకునే ఒక పేదపిల్ల దేవుడి పటం చేత పట్టుకుని కిటికీలోంచి దూకింది. ఆ వార్త ఆయనను వదల్లేదు. నవంబరు సంచిక మొత్తం ఒకే కథ అయింది. ఇంగ్లీషులో దాన్ని 'ఎ జెంటిల్ క్రీచర్' అంటారు. కథకు ముందు ఆయన పాఠకులను క్షమాపణ అడిగాడు. మామూలు డైరీకి బదులు ఈసారి కథ మాత్రమే ఇస్తున్నాను, నెలలో చాలా భాగం దీనితోనే సరిపోయింది అని. ప్రపంచంలోని గొప్ప కథల్లో ఒకటి చేతికిస్తూ, వాగ్దానం చేసిన సరుకు ఇవ్వలేకపోయానని సంజాయిషీ చెప్పుకున్నాడన్నమాట!

ఆ క్షమాపణ దగ్గర నాలోని కామర్సు విద్యార్థి ఆగిపోయాడు. ముందుగా తీసుకున్న చందాని మేం ఆదాయం కింద రాయం, అప్పుల వైపు రాస్తాం. పన్నెండు సంచికలకు డబ్బు తీసుకుంటే పన్నెండు సంచికలు బాకీ. ఒక్కొక్కటి చేరినప్పుడే ఒక్కొక్క వంతు మన సొంతమవుతుంది. కనుక చందా పెట్టిన రచయిత సరస్వతిని అమ్ముకున్నవాడు కాడు, పాఠకుడి దగ్గర అప్పు చేసినవాడు. ఉచితంగా రాసేవాడు ఎప్పుడు మానేసినా అడిగేవాడు లేడు. అడిగేవాడు లేకపోవడం స్వేచ్ఛే గాని, మన చిన్న పత్రికలు ఎన్ని ఆ స్వేచ్ఛలోనే కనుమరుగయ్యాయో ఈ పుట చదివేవారికి వేరే చెప్పాలా?

కథలో కథానాయకుడు తాకట్టు వ్యాపారి. నేను బంగారం మీద అప్పులిచ్చే సీట్లో కూర్చున్నవాణ్ణి కనుక అతన్ని కాస్త ఎరుగుదును. చిన్న చిన్న వస్తువులు కుదువ పెట్టడానికొచ్చే అనాథపిల్లని పెళ్లి చేసుకుంటాడు. డబ్బు ఇచ్చాను కనుక ఆమె మనసు మీద కూడా హక్కు వచ్చిందనుకుంటాడు. మౌనంతో ఆమెను లొంగదీయబోతాడు, ఆమె చచ్చిపోతుంది. వెల కట్టడం అతని తప్పు కాదు. వెల ఎంతవరకు కొంటుందో తెలియకపోవడం తప్పు. చందాదారుడు నేర్చుకోవలసినదీ ఇదే. మూడు వందలు కట్టినవాడు కొన్నది క్రమాన్ని, మాస్టారి అభిప్రాయాన్ని కాదు.

రెండో వైపు కూడా రాయకపోతే లెక్క సరిపోదు. నెలనెలా పేజీలు నింపాలి గనుక దొస్తొయెవ్‌స్కీ తనకు తెలిసినవాటి మీదా, తెలియనివాటి మీదా ఒకే గొంతుతో రాశాడు. టర్కీ మీద యుద్ధాన్ని నెత్తికెత్తుకున్నాడు, కాన్‌స్టాంటినోపుల్ మాదే కావాలన్నాడు. యూదులను గురించి 1877 మార్చిలో రాసిన పేజీలు చదివి సిగ్గుపడ్డాను. ఆ పాపం చందాది కాదు, మనిషిదే. అయినా, గడువు తేదీ మనిషిలోని మంచినీ చెడునీ ఒకేలా బయటికి లాగుతుందని ఆ పుస్తకం చూపిస్తుంది. పెద్ద నవలకీ డైరీకీ రెంటికీ ఓపిక చాలదని తెలిశాక, ఆయన పాఠకులకు ముందే చెప్పి, 1877 డిసెంబరుతో ఏడాది పూర్తిచేసి ఆపాడు. బాకీ తీర్చి ఖాతా మూశాడు. తరవాత వచ్చింది 'కరమజోవ్ సోదరులు'.

ఇది రష్యా ముచ్చట, మనకెందుకు అంటారేమో. గిడుగు రామమూర్తిగారు 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపింది మన పర్లాకిమిడి నుంచే. అది ఎక్కువ కాలం నిలవలేదు. మన చట్టం మాటేమిటంటారా? 1898 నాటి పోస్టాఫీసు చట్టం 2024 దాకా అమల్లో ఉంది. తక్కువ ఖర్చుతో పోస్టులో వెళ్లడానికి రిజిస్టరయ్యే పత్రికకు నిజమైన చందాదారుల జాబితా ఉండాలని అందులో నియమం. ఎంత మంచి కాగితమైనా, ఊరికే పంచేదయితే ఆ లెక్కలోకి రాదు.

ఈ కాలపు దారులూ ఉన్నాయి. బిల్ బిషప్ అనే అమెరికన్ చైనా వార్తల మీద ఏళ్ల తరబడి ఉచితంగా పంపిన ఉత్తరానికి 2017లో చందా పెట్టాడు. సబ్‌స్టాక్ అనే కంపెనీ మొదలైంది ఆయన ఉత్తరంతోనే. వసూలైన దాంట్లో ఆ కంపెనీ పదోవంతు తీసుకుంటుంది. హెదర్ కాక్స్ రిచర్డ్‌సన్ అనే చరిత్ర ప్రొఫెసరు 2019లో మొదలుపెట్టిన ఉత్తరాన్ని మాత్రం అందరికీ ఉచితంగానే ఉంచి, ఇవ్వదలచినవారి దగ్గర చందా తీసుకుంది. బిషప్‌ది వ్యాపారులు కొనే సమాచారం. మాస్టారిది అలాంటిది కాదు. తలుపు మూస్తే, తెలుగు చదవడం ఇప్పుడిప్పుడే మరిచిపోతున్న పిల్లలే ముందు బయట పడతారు. ఆయనకు రెండో దారే తగినది.

అందుకే వెళ్లి నాలుగు మాటలు చెప్పాను. ఉత్తరం అందరికీ పంపండి. ఇవ్వగలవారి దగ్గర ఏడాది చందా తీసుకోండి. జీవిత చందా మాత్రం వద్దు, ఎవరి జీవితమో తేల్చలేక ఎన్నో పత్రికలు మునిగాయి. డబ్బు వేరే ఖాతాలో వేసి, నెలకు పన్నెండో వంతే తీసి వాడండి. మాస్టారు అంతా విని, "మరి నేనే మధ్యలో పోతే?" అన్నారు. "మిగిలిన నెలల డబ్బు వాపసు ఇచ్చే పూచీ నాది," అన్నాను. ఈసారి నవ్విన నవ్వు వేరు.

శ్రావణమాసపు ఉత్తరం చివర చందా ప్రకటన వచ్చింది. మూడు వందలు కట్టి రసీదు అడిగి తీసుకున్నాను. సరస్వతి సంగతి ఎత్తిన మిత్రుడు ఇంకా కట్టలేదు. ఉత్తరం మాత్రం ఆయనకూ వస్తూనే ఉంది.