రేకులో దాగిన చేయి

ఇత్తడి బిందెను మెచ్చుకుంటాం, గుడి గంటను మెచ్చుకుంటాం. వస్తువుగా మారకముందు ఉన్న ఒట్టి రేకును మెచ్చుకున్నవాళ్లను నేనెక్కడా చూడలేదు. అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని నాగటక్ నది లోయ మాత్రం వందేళ్లకు పైగా ఆ రేకు మీదే బతికింది. వాటర్‌బరీ, ఆన్సోనియా, టారింగ్టన్ ఊళ్ల మిల్లుల్లో సాగిన రేకు కోటు గుండీలైంది, గోడగడియారాల్లో పళ్లచక్రాలైంది, కిరసనాయిలు దీపాల బర్నర్లైంది, తూటాల గొట్టాలైంది.

అన్ని మిల్లులకు సరిపడే రాగి గానీ, జింకు గానీ ఆ లోయలో దొరకవు. 1802లో వాటర్‌బరీలో ఏబెల్ పోర్టర్ కంపెనీ గుండీల కోసం ఇత్తడి పోసినప్పుడు పాత రాగి సామాన్లు కొని కరిగించింది. దిమ్మలను రేకుగా సాగదీయడానికి దగ్గర్లో ఉన్న ఇనుప మిల్లుకు మోసుకెళ్లింది. అప్పట్లో నాణ్యమైన సరుకంటే ఇంగ్లండుదే. అందుకే 1830 ప్రాంతంలో ఇజ్రాయెల్ హోమ్స్ అక్కడికి వెళ్లి పని తెలిసినవాళ్లను తీసుకొచ్చాడు. వాళ్లను పీపాల్లో దాచి ఓడ ఎక్కించాడని ఓ కథ ఉంది. వినడానికి బాగుంటుంది కానీ నేను నమ్మను. పనివాళ్ల వలస మీద నిషేధాన్ని ఇంగ్లండు 1824లోనే ఎత్తేసింది. యంత్రాల మీద ఆంక్షలు మిగిలాయి గనుక దాచాల్సి వస్తే వాటినే దాచి ఉండాలి.

ఆ వచ్చినవాళ్ల చేతుల్లో ఉన్న విద్య ఏమిటి? రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. జింకు 907 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. కరిగిన రాగిలో జింకు వేస్తే కొంత కలుస్తుంది, కొంత మండి తెల్లటి పొగై ఎగిరిపోతుంది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉన్న రేకు కావాలంటే, ఎంత పోతుందో ముందే లెక్కగట్టి అంత ఎక్కువ వేయాలి. పోతపనివాడు గోతి కొలిమిలోని మూసలో రాగి మీద బొగ్గుపొడి కప్పేవాడు. వేడెక్కించిన జింకు ముక్కను పటకారుతో పట్టి, పైన తేలనివ్వకుండా అడుక్కి అదిమి కలిపేవాడు. వేడి కొలిచే పరికరం లేదు. మూస నోట లేచే మంట తీరు చూసి, అచ్చులో పోసే వేళ అయిందని తేల్చుకునేవాడు. ఆ పొగ పీల్చినందుకు సాయంత్రానికి చలిజ్వరం వచ్చి వణికిపోయేవాడు. అంత నేర్పును పొగిడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు.

ఆ తర్వాత రోలింగ్. పోతపోసిన పలక పైపొరను గీకి శుభ్రం చేస్తారు. లేకపోతే పొరలోని చిన్న మచ్చ రేకుతో పాటే సాగి పొడుగాటి చారవుతుంది. చల్లని ఇత్తడిని రోలర్ల మధ్య నొక్కేకొద్దీ అది గట్టిపడుతుంది. అదే పనిగా నొక్కితే అంచులు పగులుతాయి. అందుకని ఎర్రగా కాల్చి మెత్తబరచి, పట్టిన నల్లపొరను పలచని గంధకామ్లంలో పోగొట్టి, కడిగి, మళ్లీ రోలర్లకు ఎక్కిస్తారు. నొక్కే ఒత్తిడికి రోలరు కూడా మధ్యలో రవ్వంత వంగుతుంది. అప్పుడు రేకు నడుమ మందంగా, అంచుల్లో పలచగా వస్తుంది. అది రాకుండా రోలరు నడుమను ముందే కంటికి కనిపించనంత ఉబ్బెత్తుగా సాన పడతారు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. తిన్నటి రేకు తిన్నటి రోలరుతో రాదు.

వీళ్లు గట్టిదనాన్ని అమ్మిన పద్ధతి ఇంకా ముచ్చటైనది. 1857లో బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీ రూపొందించిన, మందాన్ని నంబర్లలో చెప్పే గేజిలో ఒక నంబరు నుంచి తర్వాతి నంబరుకు మందం సుమారు నూటికి 11 వంతులు తగ్గుతుంది. ఇత్తడి మిల్లులు దాన్నే గట్టిదనానికి కొలతగా వాడుకున్నాయి. చివరిసారి కాల్చాక ఒక నంబరు దించితే పావు గట్టి, రెండు దించితే అర గట్టి, నాలుగు దించితే గట్టి, ఎనిమిది దించితే స్ప్రింగు రేకు. గట్టి రేకంటే మందంలో దాదాపు నూటికి 37 వంతులు కోల్పోయినది. మరే పరికరమూ లేకుండా, ఎంత నొక్కారన్నదే ఎంత గట్టిదో చెప్పేస్తుంది.

1899లో ఏర్పడిన అమెరికన్ బ్రాస్ కంపెనీ ఈ లోయలోని పెద్ద మిల్లుల్లో పలువాటిని కలిపేసుకుంది. 1922లో అనకొండ రాగి కంపెనీ దాన్ని కొనేసింది. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మంట చూసి వేడి చెప్పే పోతపనివాడి స్థానంలోకి అంతకుముందే కరెంటు కొలిమి వచ్చింది.

70-30 ఇత్తడికి మన దేశంతో ఒక ముడి ఉంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ చేసిన ఆ ఇత్తడి తూటాల గొట్టాలు వానాకాలంలో వాటంతటవే చీలిపోయేవి. కారణం 1921లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. గొట్టంగా సాగదీసినప్పుడు లోహంలో బిగింపు మిగిలిపోతుంది. గుర్రాలశాలల నుంచి వచ్చే అమ్మోనియా తేమగాలిలో దాన్ని తాకగానే చీలిక మొదలవుతుంది. మందు సులువే. సుమారు 250 నుంచి 300 డిగ్రీల దాకా కాసేపు వేడిచేస్తే గట్టిదనం పోకుండా బిగింపు మాత్రం సడలుతుంది. సడలిందో లేదో చూడటానికి నమూనా ముక్కను పాదరసపు లవణం కలిపిన ద్రావణంలో ముంచుతారు. బిగింపు ఇంకా ఉంటే ముక్క నిమిషాల్లోనే పగుళ్లిస్తుంది.